గెడ్డ గట్టు నోడ్లన్నిటికీ ఒకే టైము: మోసపోకుండా గడియారాలు కలపడం ఎలా

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, ఈమధ్య జయపురం వైపు నుంచి కూడా నన్ను అడుగుతున్నది ఒకటే. “లోరా బోర్డులు పెట్టాం. మొదటి నాలుగు రోజులూ బాగానే మాట్లాడుకున్నాయి. పది రోజులు తిరిగేసరికి ఒకదాని మాట ఇంకోదానికి వినబడటం లేదు. బ్యాటరీ బాగుంది, యాంటెన్నా బాగుంది. ఏమైందంటారు?” దాదాపు ప్రతిసారీ జవాబు ఒకటే: గడియారాలు విడిపోయాయి. లోరా అంటే తక్కువ కరెంటుతో చాలా దూరం కబురు పంపే రేడియో. ఇవి దానితో పది నిమిషాలకోసారి రెండు సెకన్లపాటు లేచి, మాట్లాడుకుని, మళ్ళీ పడుకునే నోడ్లు, అంటే గట్టు మీద పెట్టే చిన్న రేడియో పెట్టెలు. ఒకే మోటారు మీద వంతులేసుకున్న ఇద్దరు రైతుల గడియారాలు కలవకపోతే గట్టు మీద ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. “ప్యాకెట్లన్నీ కీతోనే పోతున్నాయి కదా, టైముకు మళ్ళీ వేరే భద్రత దేనికి?” ఎందుకంటే కీ, అంటే మన నోడ్లకు మాత్రమే తెలిసిన రహస్య అంకె, చెప్పేది ఈ కబురు ఎవరు పంపారన్నది మాత్రమే. ఎప్పుడు పంపారో అది చెప్పదు. నిజమైన కబురునే ఒకడు పట్టి, కాసేపు దాచి, తర్వాత వదిలితే కీతో వేసిన ముద్ర చెక్కుచెదరకుండా ఉంటుంది, టైము మాత్రం తప్పుతుంది. 2005లో సౌరభ్ గనేరివాల్, అతని సహచరులు ఈ దాడికి పల్స్ డిలే అని పేరు పెట్టి, దానికి మందు కూడా చెప్పారు. కింద మనం చేయబోయేది ముఖ్యంగా ఆ మందే.

మాకు జరిగిన సంగతి ఒకటి చెప్పి పనిలోకి దిగుతాను. వంశధారలో కలిసే ఒక గెడ్డ వెంబడి మావి ఏడు నోడ్లు, నీటి మట్టం చూసేవి. ఒక రాత్రి వాన గట్టిగా కొట్టింది. పొద్దున్న లాగ్ తెరిస్తే కింద మదుము దగ్గర నీరు 2:10కి పెరిగినట్టు ఉంది. పైన కొండ మలుపు దగ్గర 2:21కి పెరిగినట్టు ఉంది. నీరు కింద నుంచి పైకి పోదు కదా. వెతికితే తేలిందేమిటంటే, ముందురోజు సాయంత్రం పైనున్న 1వ నంబరు నోడుకు బ్యాటరీ మార్చి, టైము చేత్తో పెట్టాను. నిమిషాల దగ్గర అంకె తప్పు పడి అది 23 నిమిషాలు ముందుకు పోయింది. అతి చిన్న నంబరున్న నోడు చెప్పిందే టైము అన్న నియమం అప్పట్లో మా ప్రోగ్రాములో ఉండేది. పక్కనున్న మూడు నోడ్లూ మారు మాట్లాడకుండా దాని వెంట నడిచాయి. ఎవరూ దాడి చేయకుండానే ఇంత జరిగింది. మోటారు ఎవరు ఎప్పుడు వేశారో ఈ లాగ్ చూసే తేల్చుకునే ఊళ్ళున్నాయి. నీటి వంతుల తగవులున్న చోట గడియారాన్ని పది నిమిషాలు జరపగలిగినవాడు వంతునే జరపగలడు.

కావలసినవి

నోడుకొక ఈఎస్‌పీ32 బోర్డు. ఎస్‌ఎక్స్1276 చిప్ ఉన్న లోరా మాడ్యూలు, ఆర్‌ఎఫ్‌ఎమ్95 లాంటిది. 868 రకమే కొనండి, 433 రకం వద్దు. మన దేశంలో లైసెన్సు లేకుండా ఇలాంటి పనికి వాడుకోగలిగే పట్టీ 865–868 మెగాహెర్ట్జ్. నోడుకొక డీఎస్3231 గడియారం మాడ్యూలు. మొత్తం మీద మూడు నోడ్లకు జీపీఎస్ రిసీవర్, నియో-6ఎమ్ అయినా సరిపోతుంది, కానీ సెకనుకొక పల్స్ ఇచ్చే కాలు (పిన్) బయటకు తెచ్చి ఉన్న బోర్డే కావాలి. పరీక్షకు 8 ఛానెళ్ళ చవక లాజిక్ ఎనలైజర్, అంటే తీగల్లో సిగ్నల్ ఎప్పుడు లేచిందో, పడిందో చూపే పరికరం. అది దొరక్కపోతే సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ కెమెరా. వీటన్నిటితోపాటు ఒక లోరా బోర్డు అదనంగా ఉంచుకోండి. దానితో మన నెట్‌వర్కు మీద మనమే దొంగదెబ్బ తీసి చూస్తాం. దాన్ని కొనకుండా మానేయకండి.

అడుగు 1: గడియారం చిప్‌ను సిద్ధం చేయండి

ఈఎస్‌పీ32 నిద్రలో ఉన్నప్పుడు మామూలుగా టైము చూసేది లోపలి 150 కిలోహెర్ట్జ్ ఆర్‌సీ ఆసిలేటర్. ఎండకు, చలికి దాని నడక బాగా మారిపోతుంది. దాన్ని నమ్ముకుంటే ఒక్క రోజు కూడా నిలవదు. 20 పీపీఎమ్ (పది లక్షల సెకన్లకు 20 సెకన్లు తప్పే) క్రిస్టల్ వాడితే రోజుకు 1.7 సెకన్లు తప్పుతుంది. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు నడిస్తే రెండింటి మధ్య 3.5 సెకన్లు. డీఎస్3231 అసలు రకం 0 నుంచి 40 డిగ్రీల మధ్య 2 పీపీఎమ్‌కు మించి తప్పదు. అంటే రోజుకు 0.17 సెకను. రెండు చిప్‌ల మధ్య 0.35 అనుకోండి. రెండు సెకన్ల కిటికీ ఆరో రోజుకు మూసుకుపోతుంది. “నాలుగు రోజులు బాగుంది, పది రోజులకు చెడింది” అన్న మాట వెనక ఉన్న లెక్క ఇదే.

కొనేటప్పుడు చిప్ మీద రాత చూడండి. చివర ఎస్ఎన్ అని ఉంటే 2 పీపీఎమ్ రకం, ఎమ్ అని ఉంటే 5 పీపీఎమ్ రకం. రెండూ పనిచేస్తాయి, కానీ ఆరో అడుగులో లెక్కలు మారతాయి.

హెచ్చరిక: నీలం రంగు జెడ్‌ఎస్-042 బోర్డు మీద నాణెం బ్యాటరీని ఛార్జ్ చేసే చిన్న సర్క్యూట్ ఉంటుంది. అందులో మామూలు సీఆర్2032 వేస్తే ఛార్జ్ కాకూడని బ్యాటరీకి కరెంటు ఎక్కుతుంది, ఉబ్బుతుంది, పగలొచ్చు. డయోడ్ పక్కనున్న 200 ఓమ్‌ల రెసిస్టర్ ఊడదీసి వాడండి, లేదా ఛార్జ్ అయ్యే ఎల్‌ఐఆర్2032 వేయండి.

ఇంకొకటి. ఆ చిప్‌లో ఆసిలేటర్ (గడియారానికి లయ ఇచ్చే భాగం) ఆగిందా లేదా అని చెప్పే జెండా ఉంది, స్టేటస్ రిజిస్టర్ 7వ బిట్. నోడు లేచిన ప్రతిసారీ మొదట దాన్ని చదవండి. అది 1 అయి ఉంటే ఈ గడియారం మధ్యలో ఆగి మళ్ళీ నడిచిందన్నమాట, దాని టైము చెల్లదు. అలాంటి నోడు ఇతరులకు టైము చెప్పకూడదు, అడిగి తెలుసుకోవడమే దాని పని. ఈ ఒక్క బిట్ చూడకపోవడం వల్ల 2000 జనవరి 1తో నిండిపోయిన లాగ్‌లు నేను చాలా చూశాను.

అడుగు 2: లోపల అంతా యూటీసీ, బయట మాత్రమే మన టైము

మన గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం జయపురానికి పడమరగా, ఊరి పక్క నుంచే పోతుంది. ఆ వైపు మిత్రులు ఆ మాట గర్వంగా చెబుతారు. అయినా నోడ్ల లోపల భారత కాలమానం పెట్టకండి. అన్నిట్లో యూటీసీయే, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక కాలమే, ఉండాలి. మనిషికి చూపించేటప్పుడు మాత్రమే 5 గంటల 30 నిమిషాలు కలపండి. ఇద్దరు కలిసి పెట్టిన నెట్‌వర్కులో ఒకరు ఇలా, ఒకరు అలా పెడితే తేడా సరిగ్గా 19,800 సెకన్లు వస్తుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ కనబడుతుంది.

అడుగు 3: కీలు పంచండి

నెట్‌వర్కు మొత్తానికి ఒకే కీ పెట్టడం తేలిక. కానీ గెడ్డ గట్టున కట్టిన పెట్టెను ఎవరైనా విప్పుకుపోతే అన్ని నోడ్లూ పోయినట్టే. ఒకదాని మాట ఒకటి వినగలిగే ప్రతి జతకూ వేరే కీ పెట్టండి. ఏడు నోడ్లకు జతలు మహా అయితే 21. నిజానికి పక్కపక్కన ఉన్నవే మాట్లాడుకుంటాయి కాబట్టి పది పన్నెండుతో సరిపోతుంది. 128 బిట్ల కీలను కంప్యూటర్ మీద తయారుచేసి, బోర్డులోకి తీగతోనే ఎక్కించండి. గాలిలో పంపకండి. ఫోన్ నంబరు, ఊరి పేరు, పుట్టినరోజు కీలుగా పనికిరావు.

ఇక్కడొక చిక్కుంది. ఈఎస్‌పీ32లో రాండమ్ అంకెలు నిజంగా రాండమ్‌గా రావాలంటే మామూలుగా వైఫై గానీ బ్లూటూత్ గానీ ఆన్‌లో ఉండాలి. మనం బ్యాటరీ కోసం రెండూ ఆపేస్తాం. కాబట్టి నాన్స్ అంకెను, అంటే ప్రతి సంభాషణకూ ఒక్కసారే వాడే కొత్త అంకెను, రాండమ్ మీద మాత్రమే ఆధారపడి చేయకండి. ఫ్లాష్ మెమరీలో ఒక లెక్కింపు అంకె దాచి, ప్రతిసారీ ఒకటి పెంచి, దానికి రాండమ్ తోకను అతికించండి. ఆ అంకె ఎప్పుడూ వెనక్కి పోకూడదు.

అడుగు 4: టైము ముద్ర వేసే క్షణాన్ని సరిగ్గా పట్టుకోండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

లోరా నెమ్మదిగా మాట్లాడుతుంది. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 9, బ్యాండ్‌విడ్త్ 125 కిలోహెర్ట్జ్ పెట్టుకుంటే 30 బైట్ల ప్యాకెట్ గాలిలో ఉండే సమయం సుమారు 226 మిల్లీసెకన్లు. పంపే ముందు టైము చదివి ప్యాకెట్‌లో రాసేస్తే, అది అవతలికి చేరేసరికి పావు సెకను పాతదై ఉంటుంది. దూరం వల్ల అయ్యే ఆలస్యాన్ని పట్టించుకోకండి. అది కిలోమీటరుకు 3.3 మైక్రోసెకన్లే, పర్లాకిమిడి నుంచి కాశీనగర్ దాకా పెట్టినా లెక్కలోకి రాదు. మనల్ని ముంచేది చిప్‌లోపల, ప్రోగ్రాములో అయ్యే ఆలస్యం.

దీనికి విరుగుడు: పంపేవాడికి ప్యాకెట్ చివరి ముక్క పోయిన క్షణం, అందుకునేవాడికి చివరి ముక్క వచ్చిన క్షణం దాదాపు ఒకటే. ఎస్‌ఎక్స్1276లో రెండు సందర్భాల్లోనూ డీఐఓ0 కాలు లేస్తుంది. దాన్ని ఈఎస్‌పీ32 ఇంటరప్ట్ కాలికి, అంటే చేస్తున్న పని ఆపించి వెంటనే స్పందింపజేసే కాలికి, కలపండి. ఇంటరప్ట్‌లో మొదటి పని మైక్రోసెకను టైమర్ చదివి దాచుకోవడం. మరేదీ దానికి ముందు రాకూడదు. ప్యాకెట్ చదవడం, సీరియల్‌లో అచ్చువేయడం, ముద్ర సరిచూడడం అంతా బయటికొచ్చాక. “ప్యాకెట్ వచ్చిందా, వచ్చిందా” అని లూప్‌లో అడుగుతూ ఉండే పద్ధతి వాడితే ప్రతిసారీ కొన్ని మిల్లీసెకన్లు అటూఇటూ అవుతాయి, కింది అడుగులేవీ నిలబడవు.

ఇక సెకను భాగాలు. డీఎస్3231 పూర్తి సెకన్లే చెబుతుంది. దాని ఎస్‌క్యూడబ్ల్యూ కాలికి 1 హెర్ట్జ్ వచ్చేలా పెడితే, సిగ్నల్ కిందికి పడే అంచు దగ్గర కొత్త సెకను మొదలవుతుంది. పైకి లేచే అంచు కాదు, అది అరసెకను దగ్గర వస్తుంది. నోడు నిద్రలేవడానికి అలారం కూడా ఇదే కాలి మీద వస్తుంది కాబట్టి లేచిన వెంటనే దాన్ని అలారం నుంచి పల్స్‌కు మార్చండి. ఒక అంచు పట్టుకుని మైక్రోసెకను టైమర్‌తో జతచేసుకోండి. పడుకునే ముందు తిరిగి అలారానికి మార్చండి.

అడుగు 5: మూడు కబుర్లు

టైము కావలసిన నోడును రాము అనుకోండి, చెప్పే నోడును సీత అనుకోండి.

మొదటి కబురు: రాము తన నంబరు, సీత నంబరు, కొత్త నాన్స్, జతకీతో చేసిన హెచ్‌మ్యాక్ ముద్ర (కీ ఉన్నవాళ్ళే వేయగలిగే, సరిచూడగలిగే అంకె) పంపుతాడు. పంపడం ముగిసిన క్షణం తన గడియారంలో క1. సీతకు అందిన క్షణం ఆమె గడియారంలో క2.

రెండో కబురు: సీత అదే నాన్స్‌తో, అంతే పొడవున్న జవాబు పంపుతుంది. ముగిసిన క్షణం ఆమెకు క3. రాముకు అందిన క్షణం క4.

మూడో కబురు: సీత క2, క3 అంకెలను అదే నాన్స్‌తో కలిపి, అన్నిటి మీదా ముద్ర వేసి పంపుతుంది. పంపడం ముగిశాకే క3 తెలుస్తుంది కాబట్టి దాన్ని రెండో కబురులో పెట్టడం కుదరదు, ఈ మూడోది అందుకే. ఇది కాస్త ఆలస్యంగా వచ్చినా లెక్క చెడదు, అంకెలు ముందే స్థిరపడ్డాయి. అయినా ఐదు సెకన్లు దాటితే పారేయండి.

హెచ్‌మ్యాక్-షా256 నుంచి మొదటి 8 బైట్లు వాడితే చాలు, ప్యాకెట్ చిన్నగా ఉంటుంది. నాన్స్ సరిపోలని జవాబు ముద్ర బాగున్నా చెల్లదు. నిన్నటి జవాబును ఎవరైనా ఈరోజు తిరిగి వినిపిస్తే ఇక్కడే ఆగుతుంది.

లెక్క ఇది:

తేడా = ((క2 − క1) + (క3 − క4)) ÷ 2
జాప్యం = ((క2 − క1) + (క4 − క3)) ÷ 2

మిల్లీసెకన్లలో ఒక ఉదాహరణ. క1 = 5000.0, క2 = 5341.2, క3 = 5841.2, క4 = 5503.0. మొదటి ముక్క 341.2, రెండోది 338.2. కలిపి సగం చేస్తే 339.7, అంటే రాము గడియారం సీతకన్నా 339.7 మిల్లీసెకన్లు వెనకబడి ఉంది. జాప్యం 1.5.

ఇప్పుడు మధ్యలో ఒకడు మొదటి కబురును 200 మిల్లీసెకన్లు ఆపి వదిలాడనుకోండి. క2 = 5541.2, క3 = 6041.2, క4 = 5703.0 అవుతాయి. ముద్రలన్నీ సరిగ్గానే ఉంటాయి, నాన్స్ కూడా సరిపోతుంది. తేడా మాత్రం 439.7 అని వస్తుంది, అంటే 100 మిల్లీసెకన్ల అబద్ధం. కానీ జాప్యం చూడండి, 1.5 నుంచి 101.5కు ఎగబాకింది. ఒకవైపు కబురును ఆపితే తేడాలో ఎంత తప్పు వస్తుందో జాప్యం సరిగ్గా అంతే పెరుగుతుంది. రెండువైపులా ఆపితే తప్పు అంతకన్నా తక్కువే. ఆపినవాడు తప్పించుకోలేని లెక్క ఇది.

అడుగు 6: రెండు గీతలు గీయండి

మొదటి గీత జాప్యానికి. నోడ్లన్నీ ఇంట్లో బల్ల మీద పెట్టి, బయటివాడు లేడని మీకు తెలిసిన చోట, ప్రతి జతతో 500 సార్లు మూడు కబుర్లు నడిపించండి. వచ్చిన జాప్యాల సగటు తీసి, ప్రామాణిక విచలనానికి మూడు రెట్లు కలపండి. అదే హద్దు. దాన్ని దాటిన ప్రతి కొలతనూ పారేయండి, సగటులో కూడా కలపకండి. హద్దు మామూలు జాప్యం కన్నా 1 మిల్లీసెకను పైన ఉంటే, ఈ దారిన దొంగ చేయగలిగిన నష్టం 1 మిల్లీసెకనుకు మించదు. లోరా ప్యాకెట్‌ను పూర్తిగా విని, దాచి, మళ్ళీ పంపాలంటే వాడికి కనీసం ఒక ప్యాకెట్ గాలిలో ఉండే సమయం, అంటే మన అమరికలో 226 మిల్లీసెకన్లు పడుతుంది. హద్దును అంత వదులుగా పెట్టినవాళ్ళను చూశాను. అలా పెడితే మొత్తం శ్రమ వృథా.

రెండో గీత దిద్దుబాటుకు. ఆరు గంటలకోసారి గడియారాలు కలుపుతున్నారనుకుందాం. ఎండలో పెట్టె లోపల 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి చిప్ 3.5 పీపీఎమ్ దాకా తప్పొచ్చు, రెండూ కలిపి 7. ఆరు గంటలంటే 21,600 సెకన్లు. గుణిస్తే 151 మిల్లీసెకన్లు. కాబట్టి 160 దాటిన తేడా చిప్ నడక వల్ల వచ్చింది కాదు. దిద్దకండి. లాగ్‌లో రాసి, ఇంకో పొరుగు నోడును అడగండి. మా 23 నిమిషాల తప్పుకు ఈ ఒక్క గీత ఉంటే పక్క నోడ్లు మూడూ బతికిపోయేవి.

రెండు వారాలు నడిచాక ఈ గీతను ఇంకా బిగించండి. ప్రతి చిప్‌కూ దాని నడక ఉంటుంది, ఒకటి కొంచెం ముందుకు, ఒకటి కొంచెం వెనక్కు. ఆ నడక తెలిశాక దానికి 2 పీపీఎమ్ అటూఇటూ మాత్రమే ఒప్పుకోండి, అంటే ఆరు గంటలకు 43 మిల్లీసెకన్లు. వశమైపోయిన పొరుగు నోడు రోజూ కొంచెం కొంచెంగా అబద్ధం చెబుతూ మిమ్మల్ని జరిపే ప్రయత్నం చేస్తే ఇక్కడ దొరుకుతుంది.

అడుగు 7: దిద్దేటప్పుడు వెనక్కి పోనివ్వకండి

డీఎస్3231లో మాటిమాటికీ కొత్త టైము రాయకండి. సెకన్ల రిజిస్టర్‌లో రాసిన ప్రతిసారీ దాని లోపలి లెక్క మళ్ళీ మొదటికొస్తుంది, సెకను భాగం పోతుంది. తేడాను వేరే మెమరీలో ఉంచుకుని, టైము కావలసినప్పుడల్లా కలపండి. లాగ్‌లో టైము ఎప్పుడూ ముందుకే నడవాలి. నోడు ముందుకు పోయి ఉంటే వెనక్కి దూకించకుండా, తర్వాతి నిద్రను అంత పొడిగించండి. అలారం పూర్తి సెకన్లకే మోగుతుంది కాబట్టి ఒక సెకను ముందే లేచి, మిగతా భాగాన్ని మైక్రోసెకను టైమర్‌తో లెక్కపెట్టుకోండి.

అడుగు 8: పెద్ద ఎవరో ముందే నిర్ణయించండి

2004లో వచ్చిన ఎఫ్‌టీఎస్‌పీ పద్ధతిలో అతి చిన్న నంబరున్న నోడు తనంతట తానే పెద్ద అవుతుంది. ప్రయోగశాలలో అది చక్కగా పనిచేస్తుంది. గట్టు మీద, అందరికీ చేయి తగిలే చోట, చిన్న నంబరు చెప్పుకున్న ఎవరైనా పెద్ద అయిపోతారు. మీరు మాత్రం మూడు నోడ్లను పేరుపెట్టి పెద్దలుగా నిలపండి. మూడింటికీ జీపీఎస్ ఉండాలి, మూడూ వేరువేరు చోట్ల ఉండాలి. మిగతా నోడ్లు వీలైతే మూడింటి నుంచీ టైము తీసుకుని మధ్య అంకెను పాటించాలి. మూడింటిలో ఒకటి అబద్ధమాడినా మధ్య అంకె నిలుస్తుంది. రెండే ఉంటే ఏది అబద్ధమో తేలదు.

“జీపీఎస్ పెడితే ఇంకేం భయం?” అని అడుగుతారు. మామూలు రిసీవర్లు వినే పౌర సిగ్నల్‌కు ముద్ర లేదు, నకిలీ సిగ్నల్‌తో దాన్ని మోసం చేయొచ్చు. కాబట్టి జీపీఎస్‌ను కూడా ఒక పొరుగువాడిలాగే చూడండి, డీఎస్3231 చెప్పేదానికి రెండో గీత దాటి దూరంగా ఉంటే ఒప్పుకోకండి. దొంగలు లేకపోయినా ఇంకో తప్పుంది. జీపీఎస్ కాలం యూటీసీ కన్నా 18 సెకన్లు ముందుంటుంది, 2017 జనవరి నుంచి ఇదే లెక్క. ఆ తేడా ఎంతో ఉపగ్రహం చెప్పేదాకా పాత రిసీవర్ తనలో రాసి ఉన్న పాత అంకెనే వాడి రెండు మూడు సెకన్లు తప్పు చెప్పొచ్చు. పూర్తి సమాచారం రావడానికి 12.5 నిమిషాలు పడుతుంది. కొత్తగా ఆన్ చేశాక పావుగంట ఆగి, తర్వాతే నమ్మండి. కొండ లోయలో, జీడితోటలో ఆకాశం సరిగ్గా కనబడని చోట అంతకన్నా ఎక్కువసేపే ఆగాలి.

మొదటిసారి లేచిన నోడుకు రెండో గీత వర్తించదు, దాని టైము ఎంతైనా తప్పి ఉండొచ్చు. అలాంటప్పుడు ముగ్గురు పెద్దల్లో ఇద్దరి టైము ఒకదానికొకటి సరిపోతేనే దూకనివ్వండి. ఒక్కరి మాట మీద వద్దు. చేత్తో టైము పెట్టే దారి ప్రోగ్రాములో ఉంటే తీసేయండి. నేను తీసేశాను.

అడుగు 9: పరీక్షలు, గట్టు మీదికి తీసుకెళ్ళే ముందు

అన్ని నోడ్లనూ బల్ల మీద వరుసగా పెట్టి, ప్రతి పూర్తి సెకను దగ్గరా ఒక కాలు పైకి లేపమని రాయండి. ఏడు కాళ్ళూ లాజిక్ ఎనలైజర్‌కు కలిపితే అంచులు ఒకదాని కింద ఒకటి కనబడతాయి. మొదటిసారి చూసినప్పుడు ఏడు గీతలూ మెట్లలా పక్కకు జరిగి ఉంటాయి. టైము కలిశాక ఒకే నిలువు గీతలా నిలబడతాయి. ఆ దృశ్యం చూసేదాకా పని అయిపోయిందనుకోకండి. ఎనలైజర్ లేకపోతే కాళ్ళకు ఎల్‌ఈడీలు పెట్టి 240 ఫ్రేముల వీడియో తీయండి. ఒక్కో ఫ్రేము 4.2 మిల్లీసెకన్లు, ఆ మేరకు తేడా తెలుస్తుంది.

ఒక రోజంతా అలాగే ఉంచి, ఒక నోడును మధ్యాహ్నం ఎండలో పెట్టి మళ్ళీ చూడండి.

తర్వాత అదనపు బోర్డు తీయండి. ఒక జవాబును పట్టి పది నిమిషాల తర్వాత తిరిగి వదలండి, నాన్స్ దగ్గర ఆగాలి. సీత ప్రోగ్రాములో క2 తీసుకునే చోట కావాలని 200 మిల్లీసెకన్లు కలపండి, జాప్యం హద్దు దగ్గర ఆగాలి. ముగ్గురు పెద్దల్లో ఒక నోడు టైమును గంట ముందుకు జరపండి, మధ్య అంకె కదలకూడదు. ఒక నోడుకు కరెంటు తీసేసి, నాణెం బ్యాటరీ కూడా పీకి పెట్టండి, అది నోరు మూసుకుని అడగడం మొదలుపెట్టాలి. హెచ్చరిక: దాడిని పరీక్షించడానికి జామర్ కొనకండి, తయారు చేయకండి. అది చట్టవిరుద్ధం, దాని అవసరమూ లేదు. ఆలస్యాన్ని ప్రోగ్రాములో కలిపితే అదే ఫలితం వస్తుంది.

తేడా అంకె చూస్తే చాలావరకు తప్పు ఎక్కడో తెలిసిపోతుంది. 19,800 సెకన్లయితే ఎవరో భారత కాలమానం పెట్టారు. సరిగ్గా 18 సెకన్లయితే జీపీఎస్ కాలాన్ని యూటీసీ అనుకున్నారు. రెండు మూడు సెకన్లయితే రిసీవర్ ఇంకా పాత లెక్కలో ఉంది. సరిగ్గా అరసెకనయితే తప్పు అంచు పట్టుకున్నారు. సరిగ్గా ఒక సెకనయితే అంచుకు ముందు చదివిన సెకనును అంచు తర్వాతిదిగా రాసుకున్నారు. 7,168 రోజులయితే పాత జీపీఎస్ రిసీవర్‌లో 1024 వారాలకోసారి సున్నాకొచ్చే వారాల లెక్క తిరిగింది, ఆ రిసీవర్‌ను మార్చండి. పావు సెకనుకు దగ్గరగా ఉంటే టైమును పంపే ముందు చదువుతున్నారు, నాలుగో అడుగుకు వెళ్ళండి.

వేరే సరంజామా ఉన్నవాళ్ళకు

దగ్గరదగ్గర నోడ్లకు వైఫై అడ్‌హాక్ పద్ధతి వాడేవాళ్ళు ఒకటి గమనించండి. అందులో బీకన్ల (నేనున్నానని నోడ్లు వదిలే చిన్న కబుర్ల) ద్వారా గడియారాలు వాటంతట అవే కలుస్తాయి, కానీ ముందున్న గడియారాన్నే అందరూ అనుసరిస్తారు, ఆ బీకన్లకు ముద్ర లేదు. ఒకడు పెద్ద అంకె వేసిన బీకన్ వదిలితే అందరూ ముందుకు దూకుతారు. నిద్ర లేచే లెక్కకు దాన్ని వాడుకోండి, లాగ్ టైముకు మాత్రం వాడకండి. దాని మీద పైన చెప్పిన మూడు కబుర్లే నడపండి.

రాస్ప్‌బెరీ పైలతో మెష్ కట్టినవాళ్ళు గడియారాలు కలిపే క్రోనీ ప్రోగ్రాము వాడండి. జతకీలు పెట్టుకుని, మ్యాక్స్‌డిలే అమరికతో జాప్యం హద్దు ఇవ్వండి. ఇంటర్నెట్ ఉన్న నోడు దగ్గర 2020లో ప్రమాణమైన, ఇంటర్నెట్ టైముకు ముద్ర వేసే ఎన్‌టీఎస్ వాడొచ్చు. అయితే దాని సర్టిఫికెట్ సరిచూడాలన్నా ముందు తేదీ సుమారుగా సరిగ్గా ఉండాలి, పై 4 దాకా బోర్డుల్లో గడియారం చిప్ లేదు. అక్కడ కూడా డీఎస్3231 తప్పదు.

నోడు పోయిందని తెలిసిన రోజే దాని జతకీలను పొరుగు నోడ్లన్నిట్లో తీసేయండి, కొత్త నోడుకు పాత కీలు ఎక్కించకండి. పారేసిన ప్రతి కబురుకూ లాగ్‌లో ఒక వరస రాయించండి: ఎవరి నుంచి, ఏ గీత దగ్గర ఆగింది, జాప్యం ఎంత. ఏదైనా తేడా వచ్చి నన్ను అడగాలనుకుంటే “టైము కలవడం లేదు” అని మాత్రం రాయకండి. ఏ జతలో వచ్చిందో చెప్పి క1, క2, క3, క4 అంకెలు ఒక పది వరసలు, ఆ రోజు ఆసిలేటర్ జెండా ఎలా ఉందో, జీపీఎస్ ఆన్ చేసి ఎంతసేపయిందో పంపండి. అవి చేతిలో ఉంటే ఆ సాయంత్రానికే జవాబు రాస్తాను.